రిజిస్టర్‌కి తాళం వేసుకున్నాం!

మన ఇళ్లలో ఎన్ని పుస్తకాలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? చదివే పుస్తకాల సంగతి కాదు, రాసే పుస్తకాల సంగతి. పాల లెక్క, చీటీల లెక్క, పెళ్లిలో చదివింపుల లెక్క, కుట్టుమిషన్ ఉన్న ఇంట్లో కొలతల పుస్తకం, పచ్చళ్లు పట్టి అమ్మే ఇంట్లో ఆర్డర్ల పుస్తకం... వీటిలో మన సంగతుల కన్నా పక్కవాళ్ల సంగతులే ఎక్కువ. ఫలానా ఆవిడ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, జాకెట్టు కొలతలు, ఎన్ని నెలలుగా చీటీ కట్టలేదో అన్నీ అందులోనే ఉంటాయి. మనల్ని నమ్మి చెప్పిన సంగతులవి. ఆ పుస్తకం మాత్రం ఫ్రిజ్ మీదో, టీవీ పక్కనో పడి ఉంటుంది.

మేముండేది తెనాలిలో. ఎనిమిదేళ్ల క్రితం మా వీధి ఆడవాళ్లం ఐదుగురం కలిసి మా ముందుగదిలో చిన్న లైబ్రరీ మొదలుపెట్టాం. రెండు బీరువాలు నాలుగయ్యాయి. ఇప్పుడు పన్నెండు వందల పుస్తకాలు, ఎనభై ఆరుగురు సభ్యులు. యద్దనపూడి, మాలతీ చందూర్ నవలల దగ్గర్నుంచి ఆరోగ్యం, చట్టం, పిల్లల పెంపకం దాకా అన్నీ ఉన్నాయి. అన్ని చోట్లా ఉన్నట్టే మా రిజిస్టరూ బల్ల మీద ఉండేది. వచ్చినవాళ్లు పేరు, ఫోన్ నంబరు, పుస్తకం పేరు రాసి సంతకం పెట్టి వెళ్లేవాళ్లు.

రెండేళ్ల క్రితం రెండు సంగతులు జరిగాయి. ఎవరికో తోడుగా వచ్చిన ఒకతను రిజిస్టర్లోంచి ఒకమ్మాయి నంబరు చూసి రాసుకున్నాడు. రాత్రి పదకొండు దాటాక ఫోన్లు మొదలయ్యాయి. తప్పు చేసింది వాడు. నంబరు మార్చుకుంది ఆ అమ్మాయి, లైబ్రరీ మానిపించింది కూడా ఆ అమ్మాయినే. "పుస్తకాలు చదవకపోతే ఈ గొడవే లేదుగా" అన్నారట ఇంట్లో.

రెండోది ఇంకా బాధాకరం. ఒకావిడ విడాకుల చట్టం మీద తేలిక తెలుగులో ఉన్న పుస్తకం తీసుకెళ్లింది. మర్నాడు వాళ్ల దూరపు బంధువు రిజిస్టరు తిరగేసింది. సాయంత్రానికి ఆవిడ ఇంట్లో పంచాయితీ! ఆ పుస్తకం ఆమె ఎవరి కోసం తీసుకుందో నేనిక్కడ రాయను. అది ఆమె సంగతి.

ఐదుగురం కూర్చున్నాం. "మూసేద్దాం" అన్నారు పెద్దావిడ పిన్నిగారు. "ఫోన్లో అందరికీ కనబడే పట్టిక పెట్టుకుందాం" అంది ఇంకొకామె. ఆ లింకు ఒకరి ఫోన్లోంచి ఇంకొకరి ఫోన్లోకి పాకితే రిజిస్టరు వీధిలో పెట్టినట్టే కదా! చివరికి తేలిందేమంటే, సమాచారం మన ఇంట్లోనే, మన కంప్యూటర్లోనే ఉండాలి. దానికి మనమే తాళం వేయాలి.

నేను చదివింది బి.కాం., రాసేది కథలు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఆదివారాలు ఫోన్లో చెబుతుంటే, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని మూడు నెలల్లో నేర్చుకున్నాను. అందులో మీకూ పనికొస్తుందనిపించింది రాస్తున్నాను.

సర్వర్ అంటే సర్వరే

"ఇంట్లో సర్వర్ పెడుతున్నా" అంటే మావారు "జీతం ఎంత?" అన్నారు. వెటకారమే అయినా, అసలు సంగతి అందులోనే ఉంది.

టిఫిన్ హోటల్‌కి వెళ్తాం. సర్వర్ వచ్చి "ఏం కావాలండీ" అంటాడు. మనం చెబుతాం. వంటగదిలోకి వెళ్లి తెచ్చిపెడతాడు. మనం మాత్రం వంటగదిలోకి వెళ్లం, గుమ్మం మీద "లోనికి రాకూడదు" అని బోర్డు ఉంటుంది. కంప్యూటర్లో కూడా ఇంతే. వెబ్ సర్వర్ అడిగినది తెచ్చిపెట్టే మనిషి. డేటాబేస్ వంటగది, సరుకుల గది. భద్రత అంటే ముఖ్యంగా ఇదే: వచ్చినవాళ్లు సర్వర్‌తోనే మాట్లాడాలి, వంటగది తలుపు వాళ్లకి కనబడనే కూడదు.

దీనికి పెద్ద యంత్రం కావాలేమోనని భయపడకండి. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధన సంస్థలో 1990లో ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్‌ని నడిపింది బల్ల మీది నెక్స్ట్ కంప్యూటర్ మీదే. ఎవరైనా ఆపేస్తారేమోనని దానికి ఎర్ర సిరాతో రాసిన చీటీ అంటించారు, ఇది సర్వర్, ఆపొద్దని. మా లాప్‌టాప్‌కి నేనూ అంటించాను. స్విచ్చులు కట్టేసే అలవాటు మావారికి బాగా ఎక్కువ.

మేము వాడుతున్నది మూలపడ్డ పాత లాప్‌టాప్. లాభమేమంటే కరెంటు పోయినా బ్యాటరీ కాసేపు కాస్తుంది. బ్యాటరీ ఉబ్బితే మాత్రం వెంటనే మార్చాలి. కరెంటు లెక్క కూడా చూసుకోండి. 60 వాట్లు లాగే డెస్క్‌టాప్ నెలంతా నడిస్తే 43 యూనిట్లు. 15 వాట్ల లాప్‌టాప్ అయితే 11 యూనిట్లు. మేము పొద్దున్న తొమ్మిదికి పెట్టి రాత్రి తొమ్మిదికి ఆపేస్తాం కాబట్టి అందులో సగమే.

పాతవన్నీ చెరిపేసి డెబియన్ లినక్స్ ఎక్కించాం. పైసా ఖర్చు లేదు. 1993లో దీన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ తన అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరు ముందు పెట్టి, తన పేరు వెనక తగిలించి డెబియన్ అన్నాడు. ఎక్కించేటప్పుడే "డిస్క్ మొత్తానికి తాళం వేయాలా?" అని అడుగుతుంది. వేయండి. ఎవరైనా లాప్‌టాప్ ఎత్తుకుపోయినా, ఆపి ఉన్నదైతే, అందులో ఉన్నది చదవలేరు. రోజూ పొద్దున్న పెట్టేటప్పుడు సంకేతపదం కొట్టాలి, అంతే. దేవుడి దగ్గర దీపం పెట్టాక నేను చేసే రెండో పని అదే.

మూడు డబ్బాలు

డేటాబేస్‌కి మేము వాడింది మరియాడీబీ. ఫిన్లాండ్‌కి చెందిన మైకేల్ విడేనియస్ తన పెద్దకూతురు మై పేరు మైఎస్‌క్యూఎల్‌కి పెట్టాడు. 2009లో దాన్నుంచి వేరుపడి మొదలుపెట్టిన దీనికి చిన్నకూతురు మరియా పేరు పెట్టాడు. కూతుళ్ల పేర్లు ఇంటి గేటు మీద రాయించుకునే మనకి ఇది కొత్తేం కాదు.

డేటాబేస్ అంటే పోపుల పెట్టె అనుకోండి. దేని గిన్నె దానికి ఉండాలి. రిజిస్టర్లో అయితే ఒకే వరసలో మనిషి, నంబరు, పుస్తకం అన్నీ కలిసిపోతాయి. మేము మూడు పట్టికలు చేశాం. ఒకటి పుస్తకాలది, ఒకటి సభ్యులది, మూడోది ఏ నంబరు పుస్తకం ఏ నంబరు సభ్యురాలి దగ్గరుందో చెప్పేది. మూడోదాంట్లో పేర్లుండవు, అంకెలే. 1970లో ఎడ్గార్ కాడ్ అనే గణితవేత్త ఐబీఎంలో ఉండగా చెప్పిన పద్ధతి ఇది. విడివిడిగా ఉంచితే ఏ పట్టిక ఎవరికి చూపించాలో విడిగా నిర్ణయించుకోవచ్చు. పుస్తకాల పట్టిక అందరిదీ. సభ్యుల పట్టిక ఇద్దరమే చూస్తాం.

తెలుగులో రాసేవాళ్లకి రెండు జాగ్రత్తలు. పాత రిజిస్టర్లో ఒకరు "మాలతీ చందూర్" అని, ఇంకొకరు "మాలతి చందూర్" అని రాశారు. కంప్యూటర్‌కి వాళ్లు ఇద్దరు మనుషులు! అందుకే రచయితలకీ నంబర్లిచ్చాం. రెండోది, డేటాబేస్ తయారుచేసేటప్పుడు అక్షరాల పద్ధతి "యూటీఎఫ్8 ఎంబీ4" అని ఎంచుకోండి. మన లిపిలో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి. నవ్వు బొమ్మల్లాంటి వాటికి నాలుగు. ఈ పద్ధతిలో అన్నీ సరిగ్గా ఇముడుతాయి, ప్రశ్నార్థకాలు రావు.

వంటగది తలుపు

మరియాడీబీ వచ్చేపోయే తలుపు నంబరు 3306. ఈ తలుపు బయటి ప్రపంచానికి తెరిచి పెట్టుకున్నవాళ్లు ఎందరో తెలుసా? 2022లో షాడోసర్వర్ ఫౌండేషన్ లెక్కపెడితే ప్రపంచం మొత్తం మీద ఇలా పలికిన మైఎస్‌క్యూఎల్ సర్వర్లు 36 లక్షలు దాటాయి. అంతకుముందు 2017 జనవరిలో, పాస్‌వర్డ్ లేకుండా వదిలేసిన మాంగోడీబీ డేటాబేసులు వేలకివేలు దొంగల పాలయ్యాయి. లోపలివన్నీ తుడిచేసి "డబ్బు పంపితే తిరిగిస్తాం" అని చీటీ పెట్టి పోయారు. తాళం పగలగొట్టిన దొంగతనాలు కావవి. తలుపు నెట్టి చూశారంతే.

మూడు పనులు చేసుకుంటే సగం భయం పోతుంది. డేటాబేస్ 127.0.0.1 అనే అడ్రసుకే పలికేలా అమరిక చూడండి. అంటే అదే కంప్యూటర్లో ఉన్న సర్వర్ పిలిస్తేనే పలుకుతుంది. రెండోది, మరియాడీబీతోపాటే వచ్చే "సెక్యూర్ ఇన్‌స్టాలేషన్" అనే చిన్న ప్రోగ్రాం నడపండి. అది పేరులేని ఖాతాలని, పరీక్షకోసం పెట్టిన డేటాబేస్‌ని తీసేస్తుంది, బయటినుంచి పెద్ద అధికారంతో ఎవరూ రాకుండా ఆపుతుంది. మూడోది ముఖ్యం. సర్వర్‌కి ఇంటి తాళాలగుత్తి మొత్తం ఇవ్వకండి. దానికి విడిగా ఒక ఖాతా పెట్టి, చదవడం, రాయడం వరకే అధికారం ఇవ్వండి. పట్టికలనే పీకేసే అధికారం దానికెందుకు? వంటమనిషికి వంటింటి తాళం ఇస్తాం, లాకరు తాళం ఇవ్వం కదా.

గుమ్మం

వెబ్ సర్వర్‌గా అపాచీ పెట్టుకున్నాం. 1995 నుంచి ఉన్నదే, ఉచితమే. ఇక గుమ్మం ఎవరికి తెరవాలన్న ప్రశ్న. మా జవాబు: వీధికి తెరవక్కర్లేదు. లైబ్రరీ గదిలో బల్ల మీద ఒక ట్యాబ్లెట్ ఉంటుంది. ఫలానా పుస్తకం ఉందా, బయటికెళ్లిందా అని సభ్యులు అందులోనే చూసుకుంటారు. ఎవరి దగ్గరుందో అందులో రాదు. ఫైర్‌వాల్‌లో మొదట అన్ని తలుపులూ మూసేసి, ఇంటి వైఫైలో ఉన్నవాటికి 443 ఒక్కటి తెరిచాం.

ఆ 443 తలుపులోంచి వెళ్లే మాటలు కవర్లో పెట్టిన ఉత్తరంలా వెళ్తాయి, దారిలో ఎవరూ చదవలేరు. దానికి ధ్రువపత్రం కావాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్షలేని సంస్థ 2015 నుంచి దీన్ని ఉచితంగా ఇస్తోంది. మూడు నెలలకు మించి చెల్లదు, కానీ దానంతటదే కొత్తది తెచ్చుకునేలా అమర్చుకోవచ్చు. ఏడాదికింత అని కట్టి ఒక డొమైన్ పేరు కొనుక్కోవాలి. ఆ పేరు మనదేనని రుజువు చూపితే చాలు, గుమ్మం బయటికి తెరవకుండానే ధ్రువపత్రం వస్తుంది.

మా వదినగారు నాలుగు వీధుల అవతల ఉంటారు. లెక్కలు ఆవిడ కూడా చూడాలి. అందుకు వైర్‌గార్డ్ అనే సొరంగం వేసుకున్నాం. ఆవిడ ఫోన్లో ఒక తాళంచెవి, ఇక్కడ దానికి సరిపోయే తాళం. తాళంచెవి లేనివాళ్లు తలుపు తడితే లోపల్నుంచి "ఎవరూ?" అన్న మాట కూడా రాదు. అసలు ఇంట్లో మనుషులున్నారని కూడా తెలియదు. ఒక చిక్కు మాత్రం ఉంది. చాలా ఇళ్ల నెట్ కనెక్షన్లకి సొంత అడ్రసు ఉండదు, ఎన్నో ఇళ్లకి కలిపి ఒకే డోర్ నంబరు ఇచ్చినట్టుంటుంది. నెలకింత అదనంగా కట్టి సొంత అడ్రసు తీసుకున్నాకే సొరంగం పనిచేసింది.

రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మాత్రం మొదటిరోజే మార్చేయండి. 2016లో మిరాయ్ అనే పురుగు ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు అరవై చిల్లర వరసగా ప్రయత్నిస్తూనే లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది.

దొంగ ఆర్డరు, పిండి చేసిన పాస్‌వర్డ్

మళ్లీ హోటల్‌కి వద్దాం. ఆర్డరు చీటీ మీద ఎవరో "రెండు ఇడ్లీ, తర్వాత గల్లాపెట్టె పట్టుకురా" అని రాశారనుకోండి. సర్వర్ అమాయకుడైతే గల్లాపెట్టె కూడా తెచ్చిస్తాడు! పుస్తకం పేరు వెతికే గడిలో ఇలాంటి ఆజ్ఞ రాసి డేటాబేస్‌ని దోచే మోసం 1998లోనే బయటపడింది. దీన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. మందు తేలికే. వాక్యం ముందే తయారుచేసి పెట్టి, వచ్చినవాళ్లు రాసినదాన్ని ఖాళీలో పేరుగా మాత్రమే పెట్టాలి. అప్పుడు "గల్లాపెట్టె పట్టుకురా" అనే పేరుగల పుస్తకం కోసం వెతికి, లేదని చెబుతుంది. ప్రోగ్రాం ఎవరు రాసిపెట్టినా "ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు వాడారా?" అని అడగండి.

పాస్‌వర్డ్‌లని కూడా ఉన్నవి ఉన్నట్టు దాచకూడదు. బియ్యం పిండి పట్టించాక మళ్లీ బియ్యం కావు. అలా తిరిగి రాబట్టలేని రూపంలోకి మార్చి దాచాలి. మార్చేముందు ప్రతిదానికీ వేరువేరుగా కొన్ని అక్షరాలు కలుపుతారు. దాన్ని ఇంగ్లీషులోనూ ఉప్పు అనే అంటారు! ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా ఉప్పు తేడాతో పిండి వేరుగా కనబడుతుంది.

ఏం రాయకూడదు?

ఇన్ని తాళాలు వేశాక మా ఐదుగురికీ తోచిందొకటి. రాయనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. పుట్టినరోజు మాకెందుకు? భర్త పేరు ఎందుకు? తీసేశాం. ఇంటి అడ్రసూ తీసేశాం. ఒక్క ఫోన్ నంబరు ఉంచాం.

పుస్తకం తిరిగి రాగానే మూడో పట్టికలో ఆ వరస చెరిగిపోతుంది. ఏ పుస్తకం ఎన్నిసార్లు బయటికెళ్లిందో లెక్క ఉంటుంది. ఎవరింటికి వెళ్లిందో ఉండదు. బ్యాకప్‌లో పాతవి మిగిలిపోతాయి కాబట్టి రెండు వారాలు దాటిన బ్యాకప్‌లని కూడా చెరిపేస్తాం. ఇది మేము కనిపెట్టిన ధర్మం కాదు. పాఠకులు ఏం చదువుతున్నారో గోప్యంగా ఉంచాలని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1939లోనే తన నియమావళిలో రాసుకుంది. గోప్యత ప్రాథమిక హక్కేనని మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సారం కూడా ఇంచుమించు ఇదే. ఎందుకో చెప్పి అడుగు, కావలసినంతే తీసుకో, పని అయ్యాక చెరిపేయి.

మొన్న ఒకావిడ క్యాన్సర్ గురించిన పుస్తకం తిరిగిస్తూ, "నేనిది తీసుకెళ్లినట్టు ఎవరికీ తెలీదు కదండీ?" అని మెల్లిగా అడిగింది. "ఇచ్చేశారుగా, ఇక మా కంప్యూటర్‌కి కూడా తెలీదు" అన్నాను. ఆవిడ ఇంకో రెండు పుస్తకాలు తీసుకుని వెళ్లింది.

ఇవి గుర్తుంచుకోండి

* సాఫ్ట్‌వేర్ మార్పులు దానంతటవే వచ్చేలా పెట్టండి. పాత సాఫ్ట్‌వేర్ చెదపట్టిన తలుపు.
* సమాచారం మూడు ప్రతులుగా, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. మా పెన్‌డ్రైవ్ వదినగారి బీరువాలో ఉంటుంది, దానికీ సంకేతపదం ఉంది.
* నెలకోసారి బ్యాకప్ విప్పి చూడండి. ఆవకాయ జాడీ మూత తీసి చూస్తేనే కదా బూజు పట్టిందో లేదో తెలిసేది.
* డిస్క్ సంకేతపదం కాగితం మీద రాసి కవర్లో పెట్టి, నమ్మకమైన ఒకరి దగ్గర ఉంచండి. మీరు ఊళ్లో లేకపోతే పని ఆగకూడదు.
* ఎవరైనా సభ్యత్వం మానేస్తే వాళ్ల వివరాలు ఆరోజే తీసేయండి.

చివరగా ఒక మాట. పాతికమంది పేర్లుండే చీటీల పుస్తకానికి ఇదంతా అక్కర్లేదు. బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలు. వందమంది వివరాలు మీ చేతిలో ఉండి, ఇద్దరు ముగ్గురు కలిసి చూసుకోవాల్సి వస్తేనే ఈ శ్రమ పడండి. కంప్యూటర్ అయినా కాగితమైనా ఈ వారమే ఒక పని చేయొచ్చు. మీ పుస్తకం తెరిచి, ఒక్కో గడి దగ్గరా ఆగి, "ఇది నాకు నిజంగా కావాలా?" అని అడగండి. అక్కర్లేదనిపించిన గడి కొట్టేయండి. మొదటి తాళం అక్కడే పడుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా.